ద్వీపం మొత్తం చుట్టి రావాలా? శ్రీలంక, తైవాన్ పక్కపక్కన

తొలిసారి ఒక ద్వీపానికి సెలవు ప్రయాణం వేసుకుంటున్నవాళ్ల ప్లాన్ కాగితం ఎప్పుడైనా చూడండి. విమానాశ్రయం దగ్గర మొదలై, ఒడ్డు వెంబడి ఊరూరా ఆగుతూ, మళ్లీ ఆ విమానాశ్రయానికే చేరే గుండ్రటి దారి ఒకటి అందులో ఉంటుంది. రోజుకో ఊరు, రాత్రికో హోటలు. చుట్టూ నీళ్లున్న నేల కాబట్టి చుట్టి వస్తే మొత్తం చూసినట్టేనన్న నమ్మకం దాని వెనక ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవడానికి రెండు ద్వీపాలను పక్కపక్కన పెడుతున్నాను: మనకు పొరుగున ఉన్న శ్రీలంక, కాస్త దూరాన ఉన్న తైవాన్. రెండింటికీ పెద్ద నగరం ఉంది, పేరున్న తిండి ఉంది, కొండలూ అడవులూ ఉన్నాయి. ఒకే అచ్చు ప్లాను రెండు చోట్లా పనికొస్తుందనిపిస్తుంది. నా ఉద్దేశంలో అది రెండు చోట్లా దెబ్బతింటుంది, చెరొక కారణంగా.

పోలికలు మాత్రం నిజంగానే గట్టివి. జనాభా అక్కడా ఇక్కడా రెండు కోట్ల పైచిలుకు. విస్తీర్ణంలో శ్రీలంక 65 వేల చదరపు కిలోమీటర్లు, తైవాన్ 36 వేలు. రెండింటికీ నడిమధ్యన కొండలే. శ్రీలంకలో పిదురుతలాగల 2,524 మీటర్లు, తైవాన్‌లో యుషాన్ 3,952 మీటర్లు. ఆ కొండల మీద తేయాకు. కొండలెక్కే రైళ్లు రెండు చోట్లా పరాయి పాలకులు సరుకు దించుకోవడానికి వేసుకున్నవే. శ్రీలంకలో ఇంగ్లిషువాళ్లు ముందు కాఫీ కోసం, ఆ పంట తెగులుకు పోయాక తేయాకు కోసం. తైవాన్‌లో జపానువాళ్లు అలీషాన్ అడవుల్లోని సైప్రస్ దుంగల కోసం. వీటన్నిటికన్నా ముఖ్యమైన పోలిక గాలి. చలికాలంలో ఈశాన్యపు గాలి తైవాన్ ఉత్తరపు కొసను రోజుల తరబడి ముసురులో ఉంచుతుంది, నైరుతి మూలకు ఎండ మిగులుస్తుంది. శ్రీలంకలోనూ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాన ఉత్తర, తూర్పు తీరాలది, ఎండ నైరుతి తీరానిది. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఇది తిరగబడుతుంది. నెల్లూరుకు ఏడాది చివర వాన తెచ్చే ఈశాన్య రుతుపవనాలు మనకు తెలిసినవే కనుక ఈ లెక్క అర్థం చేసుకోవడం కష్టం కాదు. కష్టమంతా దాన్ని ప్లానులోకి తేవడంలోనే ఉంది. శ్రీలంకను చుట్టి వచ్చేవాళ్లు ఏ నెలలో బయల్దేరినా ఏదో ఒక తీరాన్ని దానికి తగని కాలంలో చూస్తారు.

ఇక దూరాలు. కొలంబో నుంచి క్యాండీ 115 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు గంటన్నర, మహా అయితే రెండు గంటలు అనుకుంటారు. మూడు గంటలు పడుతుంది, అప్పుడప్పుడు ఇంకా ఎక్కువ. క్యాండీ నుంచి కొండల్లోని ఎల్ల ఊరికి రైలు ఆరేడు గంటలు నడుస్తుంది. తైవాన్ పడమటి తీరంలో లెక్క పూర్తిగా వేరు. తైపే నుంచి దక్షిణాన కావోష్యుంగ్ దగ్గరి జువోయింగ్ దాకా సుమారు 350 కిలోమీటర్లు, 2007లో మొదలైన హైస్పీడు రైళ్లలో త్వరగా వెళ్లేవి గంటన్నర చిల్లరలో దింపేస్తాయి. అంటే తైవాన్ పడమట సామాను ఒకచోట పెట్టేసి రోజూ వెళ్లి రావచ్చు. తైపేలో పొద్దున కాఫీ తాగి, తైనాన్‌లో మధ్యాహ్నం భోంచేసి, రాత్రికి మళ్లీ తైపేలో పడుకోవచ్చు. శ్రీలంకలో అలాంటి ఏర్పాటు కుదరదు. అక్కడ దారి కూడా చూడాల్సిందే: గుట్టల మలుపుల్లో పళ్ల బండ్లు, పొలం గట్టున తెల్లని స్తూపం, బస్సు దాటబోతే ఎదురొచ్చే ఇంకో బస్సు. ఆ దారిని ఖర్చుగా లెక్కేసే ప్లాను శ్రీలంకలో ఆనందాన్నివ్వదు.

తైవాన్ తూర్పు తీరం మళ్లీ వేరు. హైస్పీడు రైలు అటు వెళ్లదు. హువాలియన్, తైతుంగ్ వైపు వెళ్లే మామూలు ఎక్స్‌ప్రెస్‌లకు టికెట్లు 28 రోజుల ముందు తెరుస్తారు, వారాంతాల్లో సీటు దొరకడం కష్టం. కొండకూ సముద్రానికీ మధ్య సన్నటి పట్టీలా ఉన్న ఆ తీరంలో ఊళ్లు తక్కువ, రైళ్లు తక్కువ, రాత్రిపూట తెరిచుండే కొట్లూ తక్కువే. గుండ్రటి దారి వేసినవాళ్లు పడమటి వేగాన్ని తూర్పుకు కూడా అరువిచ్చేస్తారు. పడమట రైలు తప్పితే అరగంటలోపే ఇంకోటి వస్తుంది. తూర్పున రైలు తప్పితే ఆ రోజు చేజారినట్టే.

తైవాన్ ప్రజలకు ద్వీపాన్ని చుట్టి రావడం ఒక ముచ్చట, చాలామందికి జీవితంలో ఒకసారి చేయాల్సిన పని. సైకిలు మీద తొమ్మిది పది రోజులు, 900 కిలోమీటర్లకు పైగా. దాని కోసం గుర్తులు పెట్టిన దారే ఒకటి ఉంది. అది నాకెంతో నచ్చిన సంప్రదాయం. అయితే తాను పుట్టిన నేలను ఒంటితో కొలుచుకునేవాడి చుట్టుతిరుగుడు వేరు, ఐదు రోజుల్లో అదే గీతను రైలుతో పూర్తి చేసే తొలి యాత్రికుడిది వేరు. రెండోవాడికి మిగిలేది ఎక్కువగా హోటళ్లలో దిగడం, ఖాళీ చేయడమే.

నగరాల సంగతికి వస్తే తైపే చేసే మేలు ఏ ఇతర నగరమూ చేయదని చెప్పగలను. ప్లానుల్లో 'నగరం', 'ప్రకృతి' అని రెండు వరుసలు గీసుకుంటాం. తైపేలో ఆ గీత నిలవదు. మెట్రో రెడ్ లైన్‌లో షియాంగ్‌షాన్‌లో దిగి, పార్కు పక్కనుంచి నడిస్తే ఏనుగు కొండ మెట్లు మొదలవుతాయి. 183 మీటర్ల కొండే, కాని మెట్లు నిట్టనిలువు, రాతి అంచులు వానకు నాచు పట్టి జారుతుంటాయి. ఇరవై నిమిషాల్లో పైకి చేరితే 508 మీటర్ల తైపే 101 ఎదురుగా నిలబడి ఉంటుంది. వెనక అంతా అడవి. ఇంకో దిక్కున మెట్రో బైటో దాకా పోతుంది. అక్కడ వీధి మధ్యనే వేడినీటి వాగు, గంధకపు వాసన, వాగు ఒడ్డున కొయ్యతో కట్టిన గ్రంథాలయం. దక్షిణాన మెట్రో దిగి రోప్‌వే ఎక్కితే మావ్‌కాంగ్ తేయాకు గుట్టలు. నగరం వదలకుండానే కొండ, వేడి నీళ్లు, తేయాకు. అందుకే తైపేకు రెండు రోజులు కేటాయించి తక్కినవన్నీ బయట తిరగడానికి పెట్టే ప్లాన్లు నాకు సరైనవి కావనిపిస్తాయి. వారం రోజులు ఉంటే నాలుగు రాత్రులు అక్కడే గడిపినా వృథా కాదు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. మెట్రో గేటు దాటాక ఏదీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు, జరిమానా ఉంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గేటుకు ఇవతలే నీళ్లు తాగించాలి.

కొలంబో అలాంటి మకాం కాదు. విమానాశ్రయం ఉత్తరాన కటునాయకలో ఉంది కాబట్టి చాలా ప్యాకేజీలు కొలంబోను తాకకుండానే క్యాండీకో సిగిరియకో తీసుకుపోతాయి, చివరి రోజు కొనుగోళ్లకు వదిలేస్తాయి. ఇది అన్యాయం. కొలంబోకు ఒక రోజు, అది కూడా మొదటి రోజు ఇవ్వాలి. పెట్టా బజారు సందుల్లో బట్టల మూటలు, ఎండు చేపల బస్తాలు దాటుకుంటూ వెళ్తే ఎరుపు తెలుపు చారల మసీదు కనిపిస్తుంది, 1909లో పూర్తయింది. సాయంత్రం గాల్ ఫేస్ మైదానంలో సముద్రపు గాలికి గాలిపటాలు లేస్తాయి, బండి మీద ఇస్సో వడలు వేగుతుంటాయి. పప్పు రుబ్బి చేసిన వడే. పైన రొయ్యను తలతో సహా అద్ది నూనెలో వేస్తారు, ఉల్లిపాయ, కారం చల్లి కాగితంలో పెట్టిస్తారు. అన్ని మతాల, భాషల కుటుంబాలు ఒకే గడ్డి మీద కూర్చుని తినే ఆ గంట శ్రీలంకకు సరైన గుమ్మం.

రెండు ద్వీపాల్లోనూ పాత కోటను ప్లానులో పెడతారు: ఇక్కడ గాలె, అక్కడ తైనాన్ దగ్గరి ఆన్‌పింగ్. రెండూ డచ్చి ఈస్టిండియా కంపెనీవే. ఆ కంపెనీ మన బందరులోనూ 17వ శతాబ్దం మొదట్లోనే వర్తక స్థావరం పెట్టింది. బందరు నుంచి అద్దకం బట్టలు, లంక నుంచి దాల్చినచెక్క, తైవాన్ నుంచి చక్కెర, జింక తోళ్లు ఒకే కంపెనీ ఓడల్లో తిరిగేవి. ఆన్‌పింగ్‌లో 1624 నుంచి కట్టుకున్న కోటను 1662లో చైనా నుంచి వచ్చిన కాక్సింగా సేనలకు అప్పగించి డచ్చివాళ్లు తైవాన్ వదిలిపోయారు. గాలెను 1640లో పోర్చుగీసువాళ్ల నుంచి తీసుకుని శతాబ్దంన్నర నిలుపుకున్నారు. ఆ తేడా ఇప్పుడు కంటికి కనిపిస్తుంది. ఆన్‌పింగ్‌లో అసలు కోటది బయటి గోడ ముక్క ఒకటి మిగిలింది, మర్రి వేళ్లు ఇటుకల్ని పట్టుకుని ఉన్నాయి. పైన కనిపించే బురుజు చాలా తర్వాతది. గాలె కోటలో మనుషులు కాపురముంటున్నారు. బడి, కోర్టు, చర్చి, మసీదు, ఆరేసిన బట్టలు, సాయంత్రం బురుజు మీద క్రికెట్. 2004 డిసెంబరు 26న సునామీ బయటి బస్టాండును, మైదానాన్ని ఊడ్చేసినప్పుడు లోపలి ఇళ్లను చాలావరకు కాపాడింది ఆ గోడలే. కోటగా చూస్తే గాలెకు ఆన్‌పింగ్ సాటిరాదు. గాలెలో రాత్రి ఉండాలి, పగటి గుంపులు వెళ్లాక నడవాలి. ఆన్‌పింగ్‌కు ఒక పూట చాలు. తైనాన్‌కు వెళ్లవలసింది కోట కోసం కాదు, తిండి కోసం.

తిండి దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మన ఇళ్లలో ప్లానులు చాలాసార్లు దీని దగ్గరే చెడతాయి. శ్రీలంకలో మనవి కాని రుచులేవీ ఉండవని ధైర్యంగా వెళ్తారు, తైవాన్‌లో శాకాహారికి ఏమీ దొరకదని బియ్యం, పచ్చడి సీసాలు సర్దుకుంటారు. ఈ రెండు అంచనాలూ తిరగబడతాయి.

శ్రీలంక భోజనం నిజంగానే మనకు దగ్గరిది. అన్నం చుట్టూ నాలుగైదు కూరలు, కొబ్బరి, కరివేపాకు, బియ్యప్పిండి అప్పాలు, ఇడియాప్పం. అప్పం పోసే మనిషి పక్కన నిలబడి చూడండి. గుంటగా ఉన్న చిన్న మూకుడులో గరిటెడు పులిసిన పిండి వేసి మణికట్టుతో ఒక్క తిప్పు తిప్పుతాడు, అంచుల్లో పల్చగా పాకి కరకరలాడే రేకవుతుంది, మధ్యలో మెత్తగా ఉబ్బుతుంది. కాని పక్కన వడ్డించే కొబ్బరి సంబల్‌లో, ఉల్లి కారంలో చాలాచోట్ల ఉంబలకడ కలుస్తుంది. ఎండబెట్టి రాయిలా గట్టిపడిన సూర చేపను దంచిన పొడి అది. కంటికి కనిపించదు. వంటవాడు కూడా దాన్ని చేపగా లెక్కించకపోవచ్చు. కూరగాయల భోజనమేనా అని అడిగితే అవుననే అంటాడు, తన లెక్కలో అది అబద్ధం కాదు. ఉంబలకడ వేశారా అని పేరు పెట్టి అడగాలి. యాళ్‌ప్పాణం (జాఫ్నా) వైపు వెళ్లేవాళ్లకు ఒక చుట్టరికం ఎదురవుతుంది. మనం ఉడికించి తినే తాటి తేగల్ని వాళ్లు ఎండబెట్టి పిండి చేసి, చేపలు, పీతలతో చిక్కటి కూళ్ కాస్తారు.

తైవాన్‌లో మాంసం ఎక్కువన్నది నిజం. బజారులో నడిస్తే పంది, గొడ్డు మాంసం, ఆల్చిప్పల అట్టు వరుసగా కనిపిస్తాయి. కాని బౌద్ధ సంప్రదాయపు శాకాహార భోజనశాలలు ప్రతి పేటలోనూ ఉంటాయి. చాలా బోర్డుల మీద మనకు తెలిసిన స్వస్తిక గుర్తే ఉంటుంది, కొద్దిగా తిరగబడి. లోపల పది పదిహేను రకాల కూరలు పళ్లేల్లో పెట్టి ఉంటాయి, మనం డబ్బాలో నింపుకుంటే తూకం వేసి డబ్బు తీసుకుంటారు. పాత పద్ధతి పాటించేచోట ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, కనుక కార్తీక సోమవారం నియమాలు పాటించే అమ్మమ్మకు కూడా భోజనం దొరుకుతుంది. డబ్బా సరుకుల మీద పూర్తి శాకాహారం, గుడ్డుతో, పాలతో, రెండింటితో, ఉల్లి వెల్లుల్లి జాతితో అని ఐదు రకాలుగా అచ్చు వేసి ఉంటుంది. అంత స్పష్టంగా చెప్పే దేశాలు తక్కువ. శాకాహారికి శ్రీలంకలో రుచి దగ్గర, నమ్మకం తక్కువ. తైవాన్‌లో రుచి దూరం, నమ్మకం ఎక్కువ. వేడి అన్నంలోకి కారం కావాలనుకునే వాళ్లు పచ్చడి సీసా తైవాన్‌కు తీసుకెళ్లడంలో తప్పులేదు.

రాత్రి బజార్లలో షిలిన్ పేరు అందరూ రాసుకుంటారు. నా ఓటు నింగ్‌షియాకు. చిన్నది, ఒకే వీధి, బండ్లు రెండు వరుసలు. చిలగడదుంప ఉండలు వేయించే బండి దగ్గర నిలబడితే చాలు. గోళీలంత పిండి ముద్దలు నూనెలో తేలగానే బండి నడిపే ఆమె వాటిని జల్లిగరిటెతో మూకుడు గోడకేసి నొక్కుతుంది, వదులుతుంది, మళ్లీ నొక్కుతుంది. నొక్కినకొద్దీ లోపల గాలి నిండి నిమ్మకాయంత అవుతాయి. పైన పల్చటి పెంకు, లోపల ఖాళీ. మాంసం తినేవాళ్లు తైనాన్‌లో పొద్దున్నే పాలబొంత చేప గంజి తాగాలి. మన కోస్తాలోనూ దొరికే చేపే, ముళ్లు ఎక్కువని మనవాళ్లు పెద్దగా ఇష్టపడరు. అక్కడ ఆ సన్న ముళ్లన్నీ ఓపిగ్గా ఏరి వండుతారు.

ఒక వింత పోలిక. శ్రీలంక పేటల్లో పొద్దునా సాయంత్రమూ రొట్టెల ఆటో వస్తుంది, దాన్ని చూన్ పాన్ అంటారు. దాని స్పీకరులోంచి బీథోవెన్ 'ఫ్యూర్ ఎలీస్' బాణీ వినిపిస్తే ఇంట్లోంచి పిల్లలు బయటికొస్తారు. తైవాన్‌లో అదే బాణీ మోగిస్తూ చెత్త లారీ వస్తుంది. సంచులు పట్టుకుని ఇంటిల్లిపాదీ వీధిలో నిలబడతారు. చెత్తను నేల మీద పెట్టి పోవడం అక్కడ లేదు, ఎవరి సంచి వాళ్లే లారీలో వేయాలి. రాత్రి బజారులో చెత్తబుట్టలు తక్కువ ఎందుకో, ఖాళీ కప్పు చేత్తో పట్టుకుని ఎందుకు తిరగాలో ఆ లారీని చూశాక అర్థమవుతుంది. ప్లానులో ఈ రెండింటికీ వరుస ఉండదు. పేట మధ్యలో రెండు మూడు రాత్రులు ఉన్నవాళ్లకు మాత్రం వాటంతట అవే తారసపడతాయి. ఒకచోట నిలకడగా ఉండమని నేను పట్టుబట్టేది ఇలాంటి వాటి కోసం కూడా.

ప్రకృతి విషయంలో మాత్రం రెండు ద్వీపాలూ ఈ మధ్య ఒకే పాఠం చెప్పాయి, చాలా కఠినంగా. తైవాన్ వెళ్లేవాళ్ల కాగితంలో మొదటి పేరు తరోకో లోయ. లివు నది పాలరాతిని కోసుకుంటూ చేసిన ఇరుకు లోయ అది, రెండు వైపులా వందల మీటర్ల నిలువు గోడలు. 2024 ఏప్రిల్ 3న హువాలియన్ దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 7.2. కొండ రాళ్లు దారుల మీద పడి మనుషులు చనిపోయారు, కాలిబాటలు ఊడిపోయాయి, పార్కు మూతబడింది. తర్వాతి తుపానులు మిగిలినదాన్ని ఇంకా దెబ్బతీశాయి. 2025 సెప్టెంబరులో అదే జిల్లాలో కొండచరియలు వాగుకు అడ్డుపడి ఏర్పడిన చెరువు పొంగి గ్వాంగ్‌ఫు ఊరిని బురదలో ముంచింది. ఇటు శ్రీలంకలో అందరూ కోరుకునేది క్యాండీ నుంచి నువర ఎలియ కొండల మీదుగా ఎల్ల వెళ్లే కొండ రైలు. 1,891 మీటర్ల ఎత్తున ఉన్న పట్టిపొల స్టేషను, ఎల్ల దాటాక దెమోదర తొమ్మిది కమానుల వంతెన. 2025 నవంబరు చివర దిత్వా తుపాను ఆ దేశాన్ని వణికించింది, వందల మంది ప్రాణాలు తీసింది, కొండ రైలు మార్గాన్ని చాలాచోట్ల తెంచేసింది.

ఇంత జరిగాక కూడా తరోకో ఒక రోజు, కొండ రైలు ఒక రోజు అని పాత కాగితాన్నే కొత్తగా రాసుకోవడం బాధ్యత కాదు. వెళ్లేముందు ఏ భాగం తెరిచారో చూసుకోవాలి. అంతకన్నా ముఖ్యం, అది లేకపోయినా ఆ వైపు వెళ్లడానికి కారణం ఉండాలి. తరోకో మూసి ఉన్నా హువాలియన్ నుంచి దక్షిణంగా రెండు కొండ వరుసల మధ్య సాగే లోయ ఉంది. వరి పొలాలు, సైకిలు బాటలు, ఆదివాసీ అమీస్ ఊళ్లు. యాత్రికులు తగ్గి అక్కడి చిన్న బసలు బాగా దెబ్బతిన్నాయి కూడా. శ్రీలంకలో కొండ రైలు నడవని చోట బస్సు ఉంది. రైలు నడిచే రోజుల్లోనూ రిజర్వుడు సీట్లు పెట్టిన కొద్దిసేపటికే అయిపోతాయి కనుక బస్సు గురించి ముందే ఆలోచించి ఉంచుకోవడం మంచిది. తైవాన్‌లోనూ ఇదివరకు కొండ రైలు దారి ఇలాగే తెగింది. 2009లో మొరాకోట్ తుపాను తెంపిన అలీషాన్ అడవి రైలు మార్గం పూర్తిగా తెరుచుకున్నది 2024 జూలైలో. 1912లో మొదలైన ఆ సన్న పట్టాల రైలు చియాయి మైదానంలో ముప్ఫై మీటర్ల ఎత్తున బయల్దేరి 2,200 మీటర్ల పైకెక్కుతుంది. ఒక గుట్ట చుట్టూ మెలికలు తిరిగి, పైన ముందుకూ వెనక్కూ నడుస్తూ. పదిహేనేళ్లు ఓపిక పట్టి బాగుచేసుకున్న ఆ దారిని చూసినప్పుడు నాకు ఇంజనీర్ల మీదే ఎక్కువ గౌరవం కలిగింది.

తేయాకు దగ్గర నా మొగ్గు తైవాన్ వైపుకు పోదు, శ్రీలంక వైపుకూ పూర్తిగా పోదు. తైవాన్‌లో చిన్న రైతు దగ్గర కూర్చుంటే అతనే కాచి పోస్తాడు. ఒకే ఆకును నాలుగైదు సార్లు తడిపి, ప్రతిసారీ మారే రుచిని చెప్పిస్తాడు. ఆకుపురుగు కొరికిన ఆకు నుంచే వచ్చే తేనె వాసన టీ ఒకటి అక్కడ ఉంది. ఆ పురుగు కోసమే మందు కొట్టరు. శ్రీలంకలో ఫ్యాక్టరీ చూపిస్తారు, ఆకు వాడ్చే తొట్లు, నలిపే యంత్రాలు, జల్లెడ పట్టి పేర్లు పెట్టడం. బాగుంటుంది. కాని జేమ్స్ టేలర్ 1867లో లూల్‌కొందెరలో మొదలుపెట్టిన ఆ తోటల్ని నడిపింది దక్షిణ భారతం నుంచి తెచ్చిన కూలీలు. 1948లో కొత్త దేశం వాళ్లలో చాలామందికి పౌరసత్వం నిరాకరించింది. 1964 సిరిమావో, శాస్త్రి ఒప్పందంతో లక్షల మందిని ఇండియాకు పంపారు. మిగిలినవాళ్ల మనవరాళ్లు ఇప్పటికీ లయాలనే వరుస గదుల్లో ఉంటూ ఆకు కోస్తున్నారు, రోజు కూలీ పెంచమని అడుగుతూనే ఉన్నారు. పచ్చటి వాలు ముందు ఫొటో దిగి పోయే ప్లానులో వీళ్లకు చోటు లేదు. తోట దగ్గర ఒక రాత్రి ఉంటే, పొద్దున బుట్టలు తగిలించుకుని వెళ్లే ఆడవాళ్లను పలకరించే వీలుంటుంది. తమిళం నాలుగు మాటలు వచ్చిన చిత్తూరువాళ్లకు, నెల్లూరువాళ్లకు ఇంకా సులువు.

క్యాండీలోనూ మనం దాటి పోయేది ఒకటుంది. దంత మందిరం చూసి, చెరువు చుట్టూ నడిచి వచ్చేస్తారు. ఆ చెరువు తవ్వించిన, మందిరానికి ఎనిమిది పలకల మంటపం కట్టించిన శ్రీ విక్రమ రాజసింహుడు క్యాండీ చివరి రాజు, మధుర నాయకులతో వియ్యమందిన తెలుగు మూలాల నాయక వంశంవాడు. 1815లో ఇంగ్లిషువాళ్లు పట్టుకుని వేలూరు కోటకు పంపితే 1832లో అక్కడే పోయాడు. అతని మీద లంక చరిత్రకారులు రాసిన మంచీ చెడూ రెండూ చదివి వెళ్తే ఆ చెరువు గట్టు నడక వేరుగా ఉంటుంది.

డబ్బు, కాగితాల సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. హైదరాబాదు నుంచి కొలంబోకు నేరు విమానాలున్నాయి, ముందస్తు అనుమతి ఆన్‌లైన్‌లో వస్తుంది, 2024 ఫిబ్రవరి నుంచి చాలాచోట్ల యూపీఐ పనిచేస్తుంది. తైవాన్‌కు సింగపూర్, బ్యాంకాక్, హాంకాంగ్ లాంటి చోట మారాలి. అమెరికా, బ్రిటన్, షెంగెన్ వంటి వీసాలు ఉన్నవాళ్లకు షరతుల మీద ఉచిత ఆన్‌లైన్ అనుమతి దొరుకుతుంది, తక్కినవాళ్లు వీసాకు పెట్టుకోవాలి. మూడు నాలుగు రోజులే చేతిలో ఉన్నవాళ్లకు తైవాన్ చెప్పను.

ఏ నెలలో ఎటు అన్నదే ఇక మిగిలింది, అసలు ప్లాను అక్కడే మొదలవ్వాలి. మన సెలవులు మూడు: దసరా, సంక్రాంతి, వేసవి. దసరా త్వరగా వచ్చిన ఏడు తైవాన్‌లో తుపానుల కాలం ఇంకా ముగిసి ఉండదు, శ్రీలంకలో మధ్యాహ్నపు పిడుగుల వానలు మొదలవుతాయి. అక్టోబరు చివరకు జరిగితే తైవాన్‌కు అంతకన్నా మంచి కాలం లేదు. ఆ ఒక్క కాలంలో హువాలియన్ వైపు రెండు రాత్రులు ధైర్యంగా పెట్టుకోవచ్చు. సంక్రాంతికి శ్రీలంక నైరుతి సగం: కొలంబో, గాలె, క్యాండీ, వీలైతే ఒక తేయాకు తోట. ట్రింకోమలీని అందులో ఇరికించొద్దు, అప్పుడు అక్కడ సముద్రం బాగుండదు. సంక్రాంతికి తైవానే కావాలంటే తైపే ముసురును తప్పించుకుని తైనాన్, అలీషాన్, కావోష్యుంగ్ చాలు. చాంద్రమాన కొత్త సంవత్సరం ఎప్పుడో చూసుకోవాలి, ఆ వారం రైళ్లు కిక్కిరిసి, చిన్న కొట్లు మూసి ఉంటాయి.

వేసవి సెలవుల మొదట్లో, ఏప్రిల్ చివరి వారంలో వెళ్లగలిగితే తైవాన్ బాగుంటుంది. అలీషాన్ చుట్టుపక్కల మిణుగురుల కాలం అది, మే మధ్యలో మొదలయ్యే వానలు ఇంకా రావు. మేలో అయితే నేను శ్రీలంక తూర్పే చెబుతాను. కొలంబోలో దిగి, సిగిరియ, దంబుల్ల, అనురాధపురం మీదుగా ట్రింకోమలీ. అష్టాదశ పీఠాల్లో మొదటిదైన శాంకరీ దేవి కోసం శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం చూసివచ్చిన పెద్దవాళ్లు ఎప్పటినుంచో అడుగుతుంటారు. పిల్లలకు నిలవేలిలో కదలకుండా ఉండే సముద్రం. పౌర్ణమి కలిసొస్తే వెసాక్ పండగ: వీధి పొడవునా కాగితపు లాంతర్లు, దన్సల్ పందిళ్లలో దారిన పోయే ప్రతివాళ్లకూ ఉచితంగా అన్నం. గాలె ఆ ప్రయాణంలో ఉండదు. దాన్ని జనవరికి ఉంచండి.